ముష్ములలు మాగే అటక

ఆ నిచ్చెన అక్కడెందుకుందో అడగకుండా తీసుకుపోవడం వెలిమిర్ చేసిన మొదటి తప్పు.

పోవ్లెన్ కొండ కింద ఆ ఊళ్లో స్తమేన ముసలమ్మ ఇంటికి పెంకులు మార్చాలి. మంచు కాలం ముదరకముందే పని ముగియాలి. పొద్దున్నే వచ్చిన వెలిమిర్‌కు పెరట్లో ముష్ముల చెట్టుకు ఆనించిన నిచ్చెన కనిపించింది. భుజాన వేసుకుని, చూరుకు ఆనించి, పైకెక్కేశాడు. పగిలిన పెంకులు చూసుకుంటూ ఉంటే చెట్టులోంచి గొంతు వినిపించింది.

"మేస్త్రీ గారూ, ఆ నిచ్చెన మీకు నచ్చినట్టుంది. కానీ నాకు దాంతో ఇంకొంచెం పనుంది."

వెలిమిర్ తల తిప్పాడు. తన ఎత్తులోనే, ఎర్రబారిన ఆకుల మధ్య, తాతల నాటి కోటు తొడుక్కున్న అమ్మాయి కొమ్మ మీద కూర్చుని ఉంది. చేతికి బుట్ట. ముక్కు చలికి కందిపోయింది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

"అయ్యో, చెట్టు మీద మనిషున్నారని చూసుకోలేదండీ."

"కనిపించనంత సన్నగా ఉన్నానా?"

"ఆకులు అడ్డొచ్చాయి."

"తప్పు ఆకుల మీదికి తోసెయ్యండి. ఎల్లుండికి రాలిపోయేవి, ఎదురు చెప్పవు."

"పెద్ద ఎత్తేం కాదు కదా, దూకెయ్యొచ్చు" అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"నేను దూకగలను. బుట్ట దూకలేదు. ఒక్క పండు కమిలితే పక్కనున్న పదింటిని చెడగొడుతుంది. రెండు వారాలు తొలి మంచు కోసం కాచుకుని కూర్చుని ఇవాళ కోస్తున్నాను."

నిచ్చెన తిరిగి చెట్టుకు చేరింది. ఆమె ముందు బుట్ట అందించింది.

"రెండు చేతులా పట్టుకోండి. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు."

అతను అలాగే పట్టుకున్నాడు. నిమ్మకాయంత పళ్లు, తుప్పు రంగు. ఒక్కోదాని అడుగున అయిదు రేకుల కిరీటం విచ్చుకుని ఉంది. గోరు దిగనంత గట్టి. రాత్రి కురిసిన మంచు వాటి మీద ఇంకా ఉప్పులా మెరుస్తోంది. వెలిమిర్ వాల్యెవో పట్నంలో పెరిగినవాడు. బజారులో ముసలమ్మలు అమ్మే మెత్తటి ముష్ములలే తప్ప, అవి ఇలా రాళ్లలా మొదలవుతాయని ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఇవి ముష్ములలేనా?"

"ఇంకా కాదు" అంది ఆమె నిచ్చెన దిగుతూ.

వంటింటి గుమ్మంలో నిలబడి స్తమేన ముసలమ్మ ఇదంతా చూస్తోంది. చేతిలో గరిటె ఉన్నా కుండలో కలపడం మరిచిపోయింది. అక్కడినుంచే కేకేసింది. "నెవెనా, ఆ మేస్త్రీని కప్పెక్కనియ్యి తల్లీ. పెంకులు చూడాల్సినవాడు నీ బుట్ట చూస్తూ నిలబడ్డాడు."

నెవెనది చిన్న కుటుంబం. తల్లీ తండ్రీ ఆమె బళ్లో చేరకముందే పోయారు. పెంచింది నానమ్మ స్తమేనే. ఊరి పోస్టాఫీసులో ఉద్యోగం. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేది.

అలా మధ్యాహ్నాలంటే వెలిమిర్‌కు ఇష్టం మొదలైంది.

మర్నాడు ఉత్తరం వైపు పెంకులు తీస్తే కింద అటక కనిపించింది. దూలాల మధ్య ఎండుగడ్డి దళసరిగా పరిచి ఉంది. నెవెన మోకాళ్ల మీద కూర్చుని పళ్లను ఒక్కొక్కటిగా సర్దుతోంది. కిరీటం వైపు కిందికి, తొడిమ వైపు పైకి, ఒకదానికొకటి తగలకుండా.

వెలిమిర్ సందులోంచి తల దూర్చాడు.

"ఇంటికప్పు తీసి లోపలికి చూసేది ఇద్దరే" అంది ఆమె తలెత్తకుండానే. "దేవుడూ, మేస్త్రీలూ."

"ఆయనకైతే పెంకులు తీయాల్సిన పని లేదు."

"అందుకే ఆయన వల్ల దుమ్ము పడదు. జరగండి, గడ్డి మీద రాలుతోంది."

అతను జరిగాడు. వెళ్లిపోలేదు.

"ఇలా ఎన్నాళ్లు?"

"మూడు వారాలు. ఒక్కో ఏడాది నాలుగు."

"అప్పటిదాకా ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు. అదే కష్టం. చీకట్లో, చల్లగా, పొడిగా ఉంచి మన దారిన మనం పోవాలి. రోజూ నొక్కి చూసేవాళ్లింట్లో ముష్ముల మాగదంటుంది మా నానమ్మ."

"మీరు నొక్కి చూడరా?"

ఆమె అప్పుడు తలెత్తింది. "చిన్నప్పుడు దొంగతనంగా నొక్కేదాన్ని. అలా ఒక వరస మొత్తం పాడైంది. నానమ్మ తిట్టలేదు. వచ్చే ఏడు దాకా ఆగమంది. తిడితేనే బాగుండేది."

పని నెమ్మదిగా సాగింది. నిజానికి వారంలో అయిపోయే పని. వెలిమిర్ చేతిలో అది పదిరోజులైంది. ముసలమ్మ గమనించింది గానీ మధ్యాహ్నం చిక్కుడు గింజల కూర పెట్టడం మానలేదు. బయటి వంటింట్లో ముగ్గురూ కూర్చుని తినేవాళ్లు. నెవెన ఉత్తరాల కబుర్లు చెప్పేది. వెలిమిర్ చెప్పాలనుకున్నవన్నీ గిన్నెలోనే ఉండిపోయేవి.

ఎనిమిదో రోజున అతను రెండో తప్పు చేశాడు.

ఆకాశం తేటగా ఉందని ఉత్తరం వైపు కప్పు తెరిచే ఉంచి తినడానికి దిగాడు. పోవ్లెన్ మీద మబ్బు ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. వాన చప్పుడు వినగానే వెలిమిర్ చెంచా వదిలేసి పరిగెత్తాడు. టార్పాలిన్ కప్పేసరికి ఒళ్లంతా తడిసింది. ఉత్తరం వైపు గడ్డి కూడా తడిసింది. దాని మీద నాలుగు వరసల ముష్ములలూ.

నెవెన మెట్ల మీద నిలబడి చూసింది. ముఖంలో నవ్వు లేదు.

"నేను..." అని ఆగిపోయాడు వెలిమిర్.

"మాటలు తరవాత. పొడి గుడ్డలు తెస్తాను."

తడి గడ్డి తీసి, కొత్త గడ్డి పరిచి, పళ్లు ఒక్కొక్కటీ తుడవాలి. రెండు వందలకు పైనే ఉన్నాయి. కిరీటంలో నిలిచిన చుక్క కూడా గుడ్డ కొసతో పీల్చెయ్యాలి. అది ఉండిపోతే బూజు అక్కడినుంచే పుడుతుంది. పెంకులు మోసిన చేతులకు అది అలవాటు లేని పని. వెలిమిర్ తుడుస్తూ పోయాడు. టార్పాలిన్ మీద వాన ధారగా కురుస్తూనే ఉంది.

"అంత ఏడుపు ముఖం పెట్టకు" అంది నెవెన చాలాసేపటికి. 'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

"మీ ఇంటి ఏడాది పంట పాడుచేశాను."

"పాడైందని ఎవరన్నారు? నానమ్మ అయితే అంటుంది, తడిసిన ముష్ముల కుళ్లడం ఖాయమని. ఉపవాసాల నెలలో పాలూ గుడ్లూ ముట్టుకోం, మాకు తీపంటే ఇదే. అయినా నువ్వు తుడుస్తున్నావు కదా."

"కుళ్లేవైతే ఎందుకు తుడవడం?"

ఆమె ఒక పండు వేళ్ల మధ్య తిప్పుతూ ఆలోచించింది. "ఏమో. తుడవకుండా ఉండలేం కదా."

ఆ మాటకు వెలిమిర్ ఆమె వైపు చూశాడు. జుట్టులో గడ్డిపరక ఉంది. తీయాలనుకున్నాడు. రోజూ నొక్కి చూసేవాళ్ల సంగతి గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏంటి?"

"ఏం లేదు. గడ్డి."

"ఇంతసేపు గడ్డిలో కూర్చుంటే గడ్డి కాక ముత్యాలుంటాయా" అంటూ ఆమె తల దులుపుకుంది. పరక పోలేదు.

పెంకుల పని ముగిసింది. వెలిమిర్ రావడం మాత్రం ముగియలేదు. పొగగొట్టం చూడాలన్నాడు ఒకసారి. చూరు నీళ్లు సరిగ్గా జారుతున్నాయో లేదో చూడాలన్నాడు ఇంకోసారి. మూడోసారి ఏ కారణమూ దొరక్క ఊరికే వచ్చాడు. ముసలమ్మ తలుపు తీసి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఇవాళ ఏం కారుతోంది మేస్త్రీ?" అంది. జవాబు కోసం ఆగకుండా లోపలికి కేకేసింది. "నెవెనా, నీ కోసం వానొచ్చింది."

ఆ రోజే నెవెన అతన్ని అటక మీదికి పిలిచింది. దూలాల కింద చీకటి, చల్లదనం. గాలిలో ఒక కొత్త వాసన ఉంది. పాత ద్రాక్షసారాయి వాసన, కాల్చిన ఆపిల్ వాసన, చర్చిలో అగరు ఆరిపోయాక మిగిలే వాసన, అన్నీ కలిసినట్టు.

ఆమె అంచు వరసలోంచి ఒక పండు తీసింది. తుప్పు రంగు పోయి ముదురు గోధుమ రంగు. తోలు ముడతలు పడింది. తెలియనివాడు చూస్తే కుళ్లిందని పారేస్తాడు. ఆమె కిరీటం పక్కన చిన్న గాటు పెట్టి అతనికిచ్చింది.

"నొక్కి, పీల్చు. గింజలు ఉమ్మెయ్యి."

వెలిమిర్ నొక్కాడు. లోపలిది వెన్నలా జారి నాలిక మీదికొచ్చింది. తీపి. కొంచెం పులుపు. పొగ, తేనె, ఏదో వయసు. గోరు దిగని ఆ రాయి ఎటుపోయిందో తెలియలేదు. దానికి ఎవరూ ఎండ చూపలేదు, నీళ్లు పోయలేదు, పొయ్యి పెట్టలేదు. చీకట్లో పడుకోబెట్టి వదిలేశారు, అంతే. ఎవరు చెప్పి ఉంటారు దానికి ఇలా మారమని? వాల్యెవో చర్చిలో ఎన్ని ఆదివారాలు నిలబడ్డా, దేవుడు ఇంత నిశ్శబ్దంగా పనిచేస్తాడని అతనికి తట్టలేదు.

"ఏంటి, మాట్లాడవు?"

"మాట్లాడితే పోతుందేమోనని."

నెవెన నవ్వలేదు. అతని ముఖం చూస్తూ అంది. "నాకూ ప్రతి ఏడూ అలాగే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని."

"నెవెనా."

"ఊఁ."

"నాకిప్పుడు ఏ కప్పూ బాగుచెయ్యాల్సిన పని లేదు. అయినా రావచ్చా?"

"ఇన్నాళ్లూ పని కోసమే వచ్చావా?" అని అడిగి, మెట్లు దిగిపోయింది. కిందికెళ్లి నానమ్మ చెవిలో ఏదో చెప్పినట్టుంది. ముసలమ్మ ఆప్రాన్ తీసేసి, జుట్టు సర్దుకుని, మొదటిసారి వెలిమిర్‌ను ముందు గదిలోకి పిలిచింది.

పెళ్లి మాటలు ముందు గదిలోనే జరుగుతాయి. వెలిమిర్ చొక్కా సర్దుకున్నాడు. అడుగుపెట్టగానే తూర్పు గోడ మీద పటం, దాని కింద దీపం చూశాడు. పటంలో ఎత్తైన స్తంభం, దాని కొసన సన్నటి ముసలి సాధువు. వెలిమిర్ ముఖం వెలిగిపోయింది. సిలువ గుర్తు వేసుకుని, ఇల్లు చేరినవాడిలా అన్నాడు.

"అలింపియె. ఈయన మా ఇంటి వేల్పే."

ఆ నేల మీద ప్రతి ఇంటికీ ఒక వేల్పు ఉంటాడు. తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు. ఆడపిల్ల పెళ్లయితే మొగుడింటి వేల్పును కొలుస్తుంది. నికోలా సాధువు వేల్పుగా ఉన్న ఇళ్లు ఊరికి సగం ఉంటాయి, వాటినెవరూ లెక్కపెట్టరు. కానీ అలింపియె లాంటి అరుదైన వేల్పు రెండిళ్లకు ఒకటే అయితే ఆ రెండిళ్లూ ఒకప్పుడు ఒక్క కడుపువేనని పాతవాళ్ల నమ్మకం.

ముసలమ్మ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. కూర్చోమనలేదు.

"అయితే నువ్వు నెవెనకి అన్నవు అబ్బాయ్" అంది. "ఈ ఇంట్లో పిల్లని అన్నకివ్వరు."

"బామ్మగారూ, మా వాళ్లు వాల్యెవో వాళ్లు. మీకూ మాకూ..."

"వేల్పు ఊరికే రాడు. రక్తంలో వస్తాడు." గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "పని బాగా చేశావు. ఇక రాకు."

గేటు దాకా నెవెన వచ్చింది.

"ఫాదర్ దగ్గరికి వెళ్దాం" అన్నాడు వెలిమిర్.

"వెళ్లి అడిగినా ఆయనేమంటాడో నాకు తెలుసు. రక్తం కలవకపోతే అడ్డు లేదంటాడు. నానమ్మ జవాబూ తెలుసు. ఫాదర్‌కి పుస్తకం తెలుసు, నాకు మా అత్తగారు చెప్పింది తెలుసు అంటుంది." గేటు గడియ తిప్పుతూ నిలబడింది. "ఆవిడ బాధ నీకు తెలీదు. నేను వెళ్లిపోతే ఈ ఇంట్లో అలింపియెకి దీపం పెట్టేవాళ్లుండరు. నాన్న పోయినప్పటినుంచీ ఆ ఒక్కదాని కోసమే ఏడుస్తోంది. దాంతోపాటు ఇప్పుడిది."

"నువ్వేం చేస్తావు?"

"ఆవిడ మాట దాటి నీతో రాను. నిన్ను మరిచిపోనూ పోను. ఈ రెండూ ఒకేసారి ఎలా చెయ్యాలో నాకింకా తెలీదు."

అలింపియె పండుగ డిసెంబర్ తొమ్మిదిన వచ్చింది. ఒకే వేల్పు ఇళ్లకు ఆ రోజు ఒకరింటికొకరు వెళ్లే వీలే లేదు. ఎవరిల్లు వాళ్లు వదలకూడదు. తండ్రి లేని వెలిమిరే వాల్యెవోలో తన ఇంటికి యజమాని. కొవ్వొత్తి వెలిగించాడు, ఉడికించిన గోధుమలు వచ్చినవాళ్లందరికీ అందించాడు, పళ్ల సారా రకియా పోశాడు. ఆ పండక్కి ఎవరినీ పిలవరు, వచ్చినవారిని ఎవరినీ పంపరు. అతిథులున్నంతసేపు యజమాని కూర్చోకూడదు. యాభై మూడేళ్లు స్తంభం మీద నిలబడ్డ సాధువు పటం ముందు వెలిమిర్ పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడే ఉన్నాడు. ఆయన దేనికోసం నిలబడ్డాడో అనుకున్నాడు. దేనికోసమో తెలిసే నిలబడ్డాడా, తెలియకేనా?

రెండో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే స్తమేన ముసలమ్మ. నల్ల తలగుడ్డ మీద మంచు. వెనక నెవెన, చేతిలో గుడ్డ కప్పిన బుట్ట.

"బస్సు నలభై నిమిషాలు ఆలస్యం" అంది ముసలమ్మ. "లోపలికి రమ్మంటావా, ఇక్కడే గడ్డకట్టమంటావా?"

వెలిమిర్ తల్లి దరింకా చేతులు తుడుచుకుంటూ వచ్చి ముసలమ్మను ముద్దుపెట్టుకుంది. కూర్చోబెట్టింది. గోధుమలు పెట్టింది. ముసలమ్మ ఒక చెంచా తిని, బుట్ట మీది గుడ్డ తీసింది. నిండా ముష్ములలు. ముదురు గోధుమ రంగు, ముడతల తోలు, ఒక్క బూజు మచ్చ లేదు.

"ఇవి వానకి తడిసినవి" అంది వెలిమిర్ వైపు చూడకుండా. "నిన్న పొద్దున దీపం పెట్టి, పారేద్దామని అటకెక్కాను. రెండు వందల పదకొండు. ఒక్కటి చెడలేదు. అరవై ఏళ్లుగా తడిసింది కుళ్లుతుందనే చెబుతున్నాను. మా అత్తగారు చెప్పింది, నేను చెప్పాను. ఎవరూ తుడిచి చూడలేదు." కొంచెం ఆగింది. "తెలుసనుకున్నది ఒకటి తప్పయింది. రెండోది అడిగి తెలుసుకుందామని వచ్చాను. దరింకా తల్లీ, మీకు అలింపియె ఎలా వచ్చాడు?"

దరింకా కొడుకు వైపు చూసింది, తరవాత పటం వైపు.

"వీడి నాన్న చెప్పొద్దన్నాడు" అంది. "అరువు తెచ్చుకున్న వేల్పు అంటారని సిగ్గు. కానీ మీరు మంచులో వచ్చి అడుగుతున్నారు. మా ఆయన తాత మొదటి పెద్ద యుద్ధంలో తప్పిపోయిన పిల్లాడు. ఆరేళ్లు. తన పేరు తెలుసు, ఊరు తెలీదు, ఇంటి వేల్పు ఎవరో తెలీదు. శీతాకాలంలో పోవ్లెన్ కింద ఏదో ఊళ్లో నడుస్తుంటే ఒక ఇంటి తలుపు తెరిచి ఉందట. లోపల కొవ్వొత్తి వెలుగుతోందట. వాళ్లు ఎవరివని అడగలేదు. కూర్చోబెట్టి పెట్టారు. పెద్దయ్యాక నీ వేల్పెవరని ఎవరడిగినా, నాకు అన్నం పెట్టినాయన అనేవాడు. ఆ రోజు అలింపియె పండుగ."

వెలిమిర్ తల్లినే చూస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ పటం కింద పెరిగాడు, ఈ మాట ఇవాళే విన్నాడు.

"ఎవరిల్లు?" అంది నెవెన మెల్లగా.

"ఆయనకి గుర్తులేదు. మెట్లు మూడున్నాయని మాత్రం అనేవాడట."

"మెట్లు అందరికీ మూడే" అంది ముసలమ్మ. కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అలాగే కారనిచ్చింది. "ఆ రోజుల్లో పోవ్లెన్ కింద అలింపియె ఇళ్లు ఏడు. మాదో కాదో ఆయనకే తెలియాలి. ఎవరిదైనా, ఆ పిల్లాడు రక్తం పంచుకోలేదు. రొట్టె పంచుకున్నాడు." పటం వైపు తిరిగి సిలువ గుర్తు వేసుకుంది. "నా తరవాత నీకు దీపం ఎవరు పెడతారని ఇన్నేళ్లూ నీ ముందు ఏడ్చాను. నువ్వేమో నా మొగుడు పుట్టకముందే ఏర్పాటు చేసుకున్నావు. నాకొక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది స్వామీ?"

దరింకా ఆమె చేతి మీద చెయ్యేసింది. "ఇద్దరికీ ఒకే పండుగ. వచ్చే ఏడు గోధుమలు ఒక్కచోట ఉడికిస్తే చాలు."

"మా ఇంట్లో."

"మా వాళ్లందరూ పట్నంలో ఉన్నారమ్మా."

"బస్సులున్నాయిగా. నేను రాలేదూ?"

"మీరు గోధుమల్లో వాల్‌నట్ ఎక్కువ వేస్తారని విన్నాను."

"ఎవరు చెప్పారు? తక్కువ వేస్తే అది గోధుమలా, కోళ్ల మేతా?"

"నన్నెవరైనా అడిగారా?" అంది నెవెన.

ఇద్దరు ఆడవాళ్లూ వెలిమిర్ వైపు తిరిగారు. వెలిమిర్ రకియా గ్లాసుల పళ్లెం పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"నెవెనా" అన్నాడు. ఎన్ని మధ్యాహ్నాలు గిన్నెలో ఉండిపోయిన మాటలో, వాటిలో ఒక్కటీ సమయానికి రాలేదు. "నన్ను చేసుకుంటావా?"

"కూర్చో, చెబుతాను. నువ్వలా నిలబడి ఉంటే నాకు మాట రాదు."

"అతిథులుండగా ఇంటాయన కూర్చోకూడదు."

నెవెన లేచింది. అతని దగ్గరికొచ్చి, చేతుల్లోంచి పళ్లెం తీసుకుంది. ముందు నానమ్మకు, తరవాత దరింకాకు గ్లాసు అందించింది.

"నేను అతిథిని కాను" అంది. "కూర్చో వెలిమిర్."

వెలిమిర్ కూర్చున్నాడు.